‘హై టైడ్’ - విస్మృతమైన యొక యాస్ట్రేలియా చిత్రము

1980వ దశకపు టాస్ట్రేలియా చలనచిత్రములనఁగానే లోకులకు ‘క్రొకడైల్ డండీ’ (1986) స్ఫురించును. మఱుసటియేఁట వెలువడిన ‘హై టైడ్’ను బెక్కండ్రు మఱచిరి. లారా జోన్స్ రచించిన యీ చిత్రమునకు జిలియన్ ఆర్మ్‌స్ట్రాంగ్ దర్శకురాలు. ఎల్విస్ ప్రెస్లీ ననుకరించు గాయకునికిఁ దోడుపాట పాడు లిల్లీ, కొలువు గోల్పోయి, కారు చెడి, సముద్రతీరమున నొక చిన్నయూరఁ జిక్కుకొనును. భర్త మరణించిన పిమ్మటఁ దా నత్తయొద్ద విడిచిపోయిన కూఁతురే యచట నెదురగును. బాలిక తల్లి నెఱుఁగదు.

ఈ పాత్ర తొలుతఁ బురుషునిగా సంకల్పింపఁబడినది. బిడ్డను విడిచిన తండ్రిని లోకము మన్నించును, తల్లిని మన్నింపదు. కావున నీ మార్పుచేతనే కథకు బరువు గలిగినది. జూడీ డేవిస్ కన్నీటితో జాలి యాచింపక, లిల్లీ సిగ్గును, మరలఁ బాఱిపోవలయునను తలంపును దాఁపక చూపినది. తీర్పు చెప్పని యీ నిగ్రహమువలన నిది పునఃపరిశీలనార్హము.