పెదవుల పగుళ్లు ఎందుకు తగ్గడం లేదు?



సంక్రాంతి చలికి పిల్లల పెదవులు పగిలితే కాస్త కొబ్బరినూనె రాస్తాం. వారం తిరిగేసరికి మానిపోతాయి. కానీ కొందరికి శివరాత్రి దాటినా, ఎండలు ముదిరినా తగ్గదు. పెదవి పొట్టు రాలుతూనే ఉంటుంది, నోటి చుట్టూ చర్మం ఎర్రగానో నల్లగానో కమిలిపోతుంది. కారం తగిలితే మంట, అందుకే లంచ్ బాక్స్ సగం అలాగే ఇంటికి వస్తుంది. తోటి పిల్లలు ఏమంటారోనని నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని మాట్లాడే పిల్లలూ ఉంటారు. ఇంట్లో మాత్రం ఒక ట్యూబు అయిపోగానే ఇంకో ట్యూబు వస్తుంటుంది.

ఇలాంటప్పుడు "ఇంతకంటే మంచి క్రీము ఏది?" అని వెతకడం కంటే, "పెదవిని రోజూ దెబ్బతీస్తున్నది ఏది?" అని వెతకడం మేలు. కారణం అలాగే ఉంటే ఏ మందైనా రాసినన్నాళ్లే పనిచేస్తుంది.

నాలుకతో తడుపుకునే అలవాటు

పెదవి మీది పొర చాలా పలచన. మిగతా చర్మాన్ని కాపాడే చెమట, నూనె అక్కడ దాదాపు ఉండవు. పెదవి ఆరినట్టు అనిపించగానే పిల్లలు నాలుకతో తడుపుతారు. ఆ తడి ఆరిపోతూ పెదవిని ఇంకా పొడిబారుస్తుంది. పైగా లాలాజలంలో ఆహారాన్ని అరిగించే ఎంజైములు ఉంటాయి. అవి పదే పదే తగిలితే చర్మం ఒరుసుకుపోతుంది. మంట పుడితే పిల్లలు మళ్లీ నాలుక ఆడిస్తారు. ఇలా అది ఆగని చక్రమవుతుంది. నాలుక అందినంత మేర, పెదవి అంచు దాటి గుండ్రంగా మచ్చ కనిపిస్తే ఈ అలవాటునే ముందు అనుమానించండి.

చదువుకునేటప్పుడు, టీవీ చూసేటప్పుడు, పరీక్షల రోజుల్లో ఇది తెలియకుండానే జరుగుతుంది. కొందరు గోటితో పొట్టు పీకుతారు, పంటితో కొరుకుతారు. ముక్కు దిబ్బడ వల్ల నోటితో ఊపిరి పీల్చే పిల్లలకూ పెదవులు ఎండుతాయి. వారికి ముక్కు సంగతి చూడకుండా పెదవి సంగతి తేలదు.

మామిడి సొన, పేస్టు, లిప్ బామ్

మన గోదావరి జిల్లాల్లో వేసవి కాలపు అనుమానితుడు మామిడిపండు. చిన్న రసమో, పెద్ద రసమో చేత్తో మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి, నోటితో జుర్రుకోవడం మనకు అలవాటు. మామిడి తొక్కలో, తొడిమ దగ్గర కారే సొనలో కొందరి చర్మానికి పడని పదార్థాలు ఉంటాయి. నల్లజీడి, జీడిమామిడి కూడా ఈ కుటుంబానివే. తిన్న వెంటనే కాక, తరచుగా ఒకటి రెండు రోజుల తర్వాత దురద, పొక్కులు వస్తాయి. అందుకే పండు మీద అనుమానం రాదు. అలాంటి పిల్లలు మామిడి పూర్తిగా మానాల్సిన పని చాలాసార్లు ఉండదు. పండు బాగా కడిగి, పెద్దవాళ్లు తొక్క తీసి, ముక్కలు కోసి పెడితే చాలు. నోరు లేదా గొంతు వాచినా, ఊపిరి ఇబ్బంది అయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఏడాది పొడవునా బాధ ఉంటే టూత్‌పేస్టును చూడండి. ఘాటైన పుదీనా, దాల్చినచెక్క రుచులు, నురగ కోసం కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ కొందరికి పడవు. రంగు, సువాసన, మెంథాల్ ఉన్న లిప్ బామ్ కూడా అంతే. పెదవికని కొన్నదే పెదవిని మండిస్తూ ఉండవచ్చు.

నోటి మూలలు చీరుకుపోతే

ఇది వేరే సమస్య. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో ఐక్రాయిడ్, కృష్ణన్ 1936లోనే నోటి పూతకు బి2 విటమిన్ లోపంతో ఉన్న సంబంధాన్ని వివరించారు. ఆ సంస్థే తర్వాత హైదరాబాదుకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. బాగా పాలిష్ పట్టిన తెల్లన్నంలో బి విటమిన్లు తగ్గిపోతాయి కాబట్టి పాలు, పెరుగు, గుడ్డు, పప్పు, ఆకుకూరలు రోజూ పళ్లెంలో ఉండాలి. అయితే మూలల పగుళ్లన్నీ విటమిన్ లోపమే కావు. ఐరన్ లోపం, ఫంగస్, బాక్టీరియా, పళ్లకు వేసిన క్లిప్పులు కూడా కారణం కావచ్చు. బి కాంప్లెక్స్ మాత్రలతో తగ్గకపోతే నెలల తరబడి అవే వాడకుండా డాక్టరుకు చూపించండి.

స్టెరాయిడ్ ట్యూబులతో జాగ్రత్త

మెడికల్ షాపులో అడిగి తెచ్చే కొన్ని "మూడు మందులు కలిసిన" క్రీముల్లో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండు రోజులకే ఎరుపు పోతుంది, ఆపగానే ఇంకా ఎక్కువగా వస్తుంది. ఎక్కువ కాలం వాడితే చర్మం పలచబడుతుంది, నోటి చుట్టూ చిన్న చిన్న ఎర్రటి పొక్కులు లేస్తాయి. ఇలాంటి క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన తెచ్చింది. డాక్టరు రాస్తే, చెప్పినన్ని రోజులే వాడండి. పాత చీటీతో మళ్లీ తేవద్దు. ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే ఎలా ఆపాలో డాక్టరునే అడగండి.

మూడు వారాలు ఇలా చేసి చూడండి

• రంగు, వాసన లేని పెట్రోలియం జెల్లీ మాత్రమే రోజుకు ఐదారు సార్లు, తిన్నాక, పడుకునే ముందు రాయండి. చిన్న డబ్బా స్కూలు బ్యాగులోనూ పెట్టండి.
• లిప్ బామ్‌లు, నిమ్మరసం, పంచదారతో రుద్దడం ఆపండి.
• రుచి, ఘాటు తక్కువగా ఉన్న పేస్టుకు మారండి. పళ్లు తోమడం మాత్రం మానకూడదు.
• "నాకొద్దు" అని పదిమందిలో కసరవద్దు. నాలుక బయటికి వచ్చినప్పుడల్లా జెల్లీ రాసుకోవడమో, గుక్కెడు నీళ్లు తాగడమో నేర్పండి.
• ఏం తిన్నారు, ఏం రాశారు, ఎప్పుడు ఎక్కువైంది అన్నది డైరీలో రాయండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

మూడు వారాలకూ తగ్గకపోయినా, చీము, జ్వరం, రక్తం కనిపించినా, పెదవి వాచి వాపు తగ్గకపోయినా, ఒకే చోట నీటి పొక్కులు మళ్లీ మళ్లీ వచ్చినా చర్మవ్యాధుల నిపుణులకు చూపించండి. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ఏది పడడం లేదో తేలకపోతే డాక్టర్లు ప్యాచ్ టెస్ట్ సూచిస్తారు. అనుమానం ఉన్న పదార్థాలను వీపు మీద అంటించి, రెండు రోజులకు తీసి, ఆ తర్వాత మరోసారి చూస్తారు. వెళ్లేటప్పుడు డైరీతో పాటు ఇప్పటిదాకా వాడిన ట్యూబులు, పేస్టు, బామ్ అన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. సగం జవాబు ఆ సంచిలోనే దొరకవచ్చు. ఇంటర్ చదివే పిల్లలు మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతుంటే అదీ చెప్పండి. ఆ మందుకు పెదవులు ఎండడం మామూలే.

మీ చిన్నారికి ఈ ఇబ్బంది ఉంటే క్లాస్ టీచరుకు ఒక మాట చెప్పండి. తరగతిలో నీళ్లు తాగనివ్వడం, జెల్లీ రాసుకోనివ్వడం, ఎవరూ ఎగతాళి చేయకుండా చూడడం చిన్న పనులే. పెదవి మానేందుకు అవసరమైన ఆ కొద్ది వారాలు బిడ్డకు అవి పెద్ద ఊరట.