అప్పడాల యంత్రానికి అప్పు - చేతికి రాని రాయితీ

బరంపురం పేరు చెప్పగానే పట్టుచీరతో పాటు అప్పడాలు, ఊరగాయలు గుర్తుకు వస్తాయి. అప్పడాలు ఒత్తే పని చాలావరకు ఇళ్లలోని స్త్రీలదే. కొత్తగా యంత్రాలతో ఈ పని ప్రారంభించదలచినవారికి 2008లో కేంద్రం ప్రవేశపెట్టిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం ఒక ఆధారం.

యంత్రాలతో సహా వ్యయం 4 లక్షల రూపాయలనుకుందాం. 2022 నాటి నిబంధనల ప్రకారం మహిళ స్వంత వాటా 5 శాతం, అనగా 20 వేలు. తక్కిన 3 లక్షల 80 వేలు బ్యాంకు ఋణం. యూనిట్ గంజాం జిల్లా పల్లెలో ఉంటే రాయితీ 35 శాతం, అనగా లక్షా 40 వేలు. బరంపురం నగరంలోనైతే 25 శాతం, లక్ష మాత్రమే. కేంద్ర పథకం కనుక ఇచ్ఛాపురం వైపు పల్లెలకూ లెక్క ఇదే.

పలువురు పొరబడేది ఇక్కడే. రాయితీ సొమ్ము చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. దానిపై వడ్డీ రాదు. అంతమేరకు ఋణంపై వడ్డీ పడదు. యూనిట్ నడుస్తున్నట్లు తనిఖీలో తేలిన తరువాతనే అప్పులో జమ అవుతుంది. ఈలోగా యంత్రం మూలపడితే రాయితీపై ఆశ వదులుకోవలసినదే. కాబట్టి వాయిదాలు అమ్మకాల నుండే కట్టవలెను. ఎండ కరవైన వానకాలపు నెలలను ఈ లెక్కలో మరువరాదు.

ఇప్పటికే నడుస్తున్న యూనిట్‌కు 2015లో వచ్చిన ముద్ర ఋణం అనుకూలం. అందులో ఈ రాయితీ ఉండదు, ఆస్తి తాకట్టూ అడగరు.

ఉపాధి పథకాన్ని 2025-26 వరకు పొడిగించారు. ఆపై కొనసాగింపు వివరాలను జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగిన తరువాతనే యంత్రానికి బయానా ఇవ్వడం మంచిది.