ఇటలీలో ఇటాలియన్ చదువు

విదేశీ చదువు అనగానే మనకు ఇంగ్లీషు దేశాలే గుర్తుకొస్తాయి. కాని ఒక దేశపు భాషను ఆ గడ్డమీదే నేర్చుకోవడం కూడా చదువే గదా! ఇటలీ నడుమనున్న ఉంబ్రియా ప్రాంతంలో, కొండమీది పెరూజా పట్టణమున ఇందుకోసమే ఒక విశ్వవిద్యాలయం ఉన్నది. 1921లో మొదలైన ఈ సంస్థలో విదేశీయులకు ఓనమాల నుండి ఇటాలియన్ నేర్పుతారు.

తెలుగువాడి చెవికి ఈ భాష మరీ కొత్తగా తోచదు. మన మాటల వలెనే వారి మాటలు కూడా చాలావరకు అచ్చులతోనే ముగుస్తాయి. ద్విత్వం తప్పితే అర్థం మారుతుంది: ‘పాలా’ అంటే పార, ‘పల్లా’ అంటే బంతి. ‘గడి’కీ ‘గడ్డి’కీ తేడా తెలిసిన మనకిది కష్టమా? చిక్కల్లా లింగంతోనే. పుస్తకం పుంలింగం, కుర్చీ స్త్రీలింగం! స్నేహితుణ్ణి ‘తూ’ అంటారు. పెద్దలను, కొత్తవారిని ‘లేయి’ అనాలి. ఆ మాటకు మామూలు అర్థం ‘ఆమె’. ఈ మర్యాద పుస్తకంలో చదివితే చాలదు. రొట్టెల కొట్లో, బస్సులో నలుగురితో మాట్లాడితేనే పట్టుబడుతుంది.

14వ శతాబ్దంలో డాంటే, పండితుల లాటిన్‌ను కాదని టస్కనీ జనం పలుకుబడిలో మహాకావ్యం వ్రాశాడు. నేటి ఇటాలియన్‌కు ఆ పలుకుబడే పునాది. అయినా 1861లో దేశం ఒక్కటైన నాటికి దాన్ని మాట్లాడగలిగినవారు కొద్దిమందే. ఇళ్ళలో ఎవరి మాండలికం వారిదే. తర్వాత బడులు, రేడియో, టెలివిజన్ దాన్ని ఇంటింటికీ చేర్చాయి.

పల్లె యాసతో కాలేజీకొచ్చి నోరు విప్పడానికి జంకే మాబోటి రైతుబిడ్డలు ఇది గమనించాలి. గ్రంథాలకెక్కిన భాష కూడా ఒకనాడు జనం నోటి మాటే. తప్పులొస్తాయని సిగ్గుపడనివాడికే ఏ భాషైనా వస్తుంది.