పోయినవారి పేర ఉన్న పొలం

కంబదూరు సీమలో ఒక రైతు కన్నుమూస్తే పదిరోజులు దాటగానే కర్మకాండ ముగుస్తుంది. వచ్చిన బంధువులు భోజనాలు చేసి బస్సెక్కి వెళ్ళిపోతారు. కచ్చేరి దస్త్రంలో మాత్రం అతడు ఇంకా బ్రతికియే ఉంటాడు. పట్టా అతని పేరనే ఉంటుంది. శిస్తు, అప్పు, అడంగలులోని పైరు, అన్నీ అతని పేరనే. ఒక్కొక్క ఇంట ఈ స్థితి తరం దాటి సాగుతుంది. తాత పేర ఉన్న పొలాన్ని మనుమడు దున్నుతూ ఉంటాడు. ఊరందరికీ ఆ పొలం ఎవరిదో తెలుసును. కచ్చేరికి ఒక్కదానికే తెలియదు.

ఆంగ్ల నవలలు చదివినవారికి ప్రొబేటు అనే మాట పరిచితమే. చనిపోయినవాని వీలునామా నిజమైనదేనని న్యాయస్థానం విచారించి, తన ముద్రతో ఇచ్చే ధ్రువీకరణకు అది పేరు. కంబదూరు రైతుకు ఈ మాటతో ఎన్నడూ నిర్బంధంగా పని పడలేదు. అందుకు కారణం చరిత్రలో ఉన్నది. 1870 నాటి హిందూ వీలునామాల చట్టం బెంగాలు లెఫ్టినెంటు గవర్నరు ఏలుబడిలోని ప్రాంతాలకు, మద్రాసు, బొంబాయి పట్టణాలకు మాత్రమే వర్తించినది. ఈ సీమ మద్రాసు రాజధానిలోనిదే, కాని మద్రాసు పట్టణం కాదు గదా! 1925 భారత వారసత్వ చట్టం ఆ హద్దులనే నిలిపినది. ప్రొబేటును నిర్బంధం చేసిన 213వ సెక్షనును 2025 డిసెంబరులో పార్లమెంటు తొలగించడంతో, పట్టణాలలో సైతం ఆ నిర్బంధం పోయినది.

అసలు ఈ ప్రాంతంలో వీలునామా వ్రాసేవారే తక్కువ. వ్రాసినను ఇద్దరు సాక్షులు సంతకాలు చేయవలెను. రిజిస్టరీ ఐచ్ఛికం. తగవు వచ్చినప్పుడు ఆ సాక్షులలో కనీసం ఒక్కరైనా, బ్రతికి ఉండి రాగలిగిన పక్షంలో, కోర్టుకు వచ్చి చెప్పవలసి ఉంటుంది. మన పూర్వధర్మశాస్త్రానికి వీలునామా కొత్త వస్తువు. పుట్టుకతోనే కుమారునికి పిత్రార్జితంలో హక్కు ఉన్నదని మితాక్షర చెప్పినప్పుడు, తండ్రి ఇచ్చమేరకు వ్రాసి ఇవ్వడానికి మిగిలేది ఎంత? ఆ మితాక్షరను తెలుగు పద్యాలలోనికి తెచ్చినవాడు 13వ శతాబ్ది కవి కేతన. దశకుమారచరిత్ర పాఠం చెప్పే పంతుళ్ళు అతని విజ్ఞానేశ్వరీయాన్ని పేరుతోనే సరిపెట్టడం పరిపాటి. పల్లెలో నేటికీ జరుగుతున్న భాగపంపకాల తగవులు బోధపడవలెనంటే ఆ గ్రంథం తెరవడం మంచిది.

ఆనాటి ధర్మంలో కుమారులున్న తల్లికి పొలంపై యాజమాన్యం లేదు. 1937 చట్టం వితంతువుకు కొంత హక్కు ఇచ్చినది, అదియు ఆమె బ్రతికినంత కాలమే. 1956 హిందూ వారసత్వ చట్టం దానిని సంపూర్ణ హక్కు చేసినది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో ఆ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నాటికి వివాహం కాని కుమార్తెలకు పిత్రార్జితంలో జన్మహక్కు కల్పించినది. 2005లో కేంద్రచట్టం వివాహితలకు కూడా ఆ హక్కును వర్తింపజేసినది. తండ్రి ఆ చట్టం నాటికి జీవించి ఉండనక్కరలేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది.

ఇది చట్టం. ఇక పొలం సంగతి. కంబదూరు మండలంలో స్వార్జితమైన 5 ఎకరాల మెట్ట ఉన్న ఒక రైతు వీలునామా లేకుండ చనిపోయినాడనుకొందాము. ముసలి తల్లి ఉన్నది. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. 1956 చట్టం ప్రకారం ఈ అయిదుగురూ మొదటి తరగతి వారసులే. తలకొక ఎకరం. బడిపిల్లవాడు చేయగల లెక్క ఇది. ఊరిలో జరిగే లెక్క వేరు. కొడుకుల పేర రెండున్నర చొప్పున వ్రాయించుకొని, ‘అమ్మను మేము చూడమా?’ అంటారు. కూతురు సరిహద్దుకావల పావగడ వైపు కాపురముంటుంది. పండుగకు చీర పెడుతున్నాము గదా, ఆమె అడుగదు అని నిశ్చయిస్తారు. అడుగకపోవడం, వదలుకొనడం ఒకటి కాదు. హక్కు వదలుకొంటూ ఇచ్చే పత్రం రిజిస్టరు కావలసినదే. తెల్లకాగితంపై వేయించిన వేలిముద్ర అందుకు చాలదు.

ఈ పేరుమార్పుకు తెలంగాణలో ఫౌతి అని పేరు. పొరుగు కన్నడనాట పౌతి ఖాతె అంటారు. దానికి తొలిమెట్టు మరణ నమోదు. 1969 చట్టం ప్రకారం 21 రోజులలో తెలుపవలెను. ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు లేనిదే నమోదు జరుగదు. ఇంటివద్ద జరిగిన మరణాలలో ఈ గడువు దాటడం మామూలే. ఆ దుఃఖంలో ఎవరికి గుర్తుంటుంది? తరువాత తహశీల్దారు ఇచ్చే కుటుంబసభ్యుల ధ్రువపత్రం. ఇందులో కూతురి పేరు జారిపోయినదంటే తరువాతి కాగితాలన్నింటిలోనూ జారిపోవడం సులభమవుతుంది. కనుక వారసులు కన్ను పెట్టవలసిన చోటు ఇదే. 1971 పట్టాదారు పాసుపుస్తకాల చట్టం మేరకు, వారసత్వంగా భూమి సంక్రమించినవారు 90 రోజులలో ఆ సంగతి తెలియజేయవలెను. నోటీసు, గ్రామంలో విచారణ, ఉత్తర్వు, అటుపైన 1బి రిజిస్టరులో కొత్త పేర్లు. ఉత్తర్వు నచ్చనివారు కల్యాణదుర్గంలోని రెవిన్యూ డివిజనలు అధికారికి అప్పీలు చేసికొనవచ్చును. డి.కె.టి. పట్టా భూమి అయినను వారసులకు సంక్రమిస్తుంది. అమ్మకంపై ఆంక్షలు వేరు సంగతి.

భూమిని రైతు పేర వ్రాసి, అతనినుండి నేరుగా శిస్తు తీసికొనే పద్ధతిని ఈ దత్తమండలాలలో 1800 నుంచి 1807 వరకు కలెక్టరుగా ఉన్న మన్రో పాదుకొల్పినాడు. పేరు వ్రాసినది శిస్తు ఎవరివద్ద రాబట్టవలెనో తెలియడానికి. యజమాని ఎవరో తేల్చడానికి కాదు. ఆ స్వభావం నేటికీ మారలేదు. రెవిన్యూ దస్త్రంలోని పేరు హక్కును సృష్టించదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పినది. వీలునామాపై ఆధారపడేవాడు, అది వివాదంలో ఉంటే, సివిలు కోర్టులోనే తేల్చుకొనవలెనని 2021 సెప్టెంబరులో జితేంద్రసింగ్ కేసులో మరల చెప్పినది. అందుచేత తన పేరు వ్రాయని దస్త్రాన్ని చూచి తన హక్కు పోయినదని ఆడపడుచు అనుకొననక్కరలేదు. పేరు పడినంతమాత్రాన తనదే అయినదని సోదరుడు అనుకొనడమూ పొరబాటే.

కరణాలున్న కాలంలో ఎవరింట ఎవరు పోయినారో, ఎందరు సంతానమో ఆయనకు కంఠోపాఠం. ఆ జ్ఞానం నిష్పక్షపాతంగా ఉండేదని చెప్పడానికి లేదు. 1984 జనవరిలో ఆ పదవులు రద్దయినవి. ఇప్పుడు గ్రామ సచివాలయంలో దరఖాస్తు ఇవ్వవచ్చును. జ్ఞాపకం పోయి కాగితం వచ్చినది. ఆ కాగితం తెచ్చే భారం వారసులపై పడినది.

బ్యాంకులోని సొమ్ముకు దారి వేరు. నామినీ అంటే యజమాని అని పల్లెలోనే కాదు, ఉద్యోగుల ఇండ్లలోను భ్రమ ఉన్నది. నామినీ సొమ్ము పుచ్చుకొని వారసులకు అప్పగించవలసినవాడేనని, భీమా విషయంలో, 1984లో సర్బతీదేవి కేసులో తీర్పు వచ్చినది. (2015 తరువాత జీవితభీమాలో భార్య, భర్త, తల్లిదండ్రులు, సంతానం నామినీలైతే నియమం మారినది.) నామినీ లేక, తగవు ఉన్నచోట కోర్టు వారసత్వ ధ్రువపత్రం అడుగుతారు. అది రావలసిన బాకీలకు, వాటాలకే చెల్లుతుంది, పొలానికి పనికిరాదు. దానిని పట్టుకొని తహశీల్దారు కచ్చేరికి వెళ్ళి తిరిగివచ్చినవారు కోర్టు ఖర్చులు వృథా చేసికొన్నట్లే.

తాత పేర ఉన్న పొలాన్ని దున్నే మనుమని సంగతి మరల తలచుకొనవలసి ఉన్నది. వరుస కరవులతో రైతుల ఆత్మహత్యలకు ఈ జిల్లా పేరుపడిన రోజులలో, 2004 జూన్ 1న ప్రభుత్వం 421వ నంబరు ఉత్తర్వు వెలువరించినది. మరణించిన రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50,000. డివిజను స్థాయిలో రెవిన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారుల సంఘం ఆ మరణాన్ని విచారించవలెను. చనిపోయినవాడు రైతే అని చూపడానికి ఆ ఇల్లాలు ఏ కాగితం తేవలెను? కౌలుదారు భార్యకు ఒక చిక్కు. సొంత పొలం దున్నినవాని భార్యకు మరొకటి: పట్టా మామగారి తండ్రి పేర ఉన్నది. చనిపోయినది మూడవ తరంవాడు, దస్త్రం మొదటి తరం దగ్గరనే ఆగినది. నడుమ జరుగని రెండు పేరుమార్పులు ఆమె నెత్తిన పడినవి. అవి జరుగనందుకు ఆమె బాధ్యురాలు కాదు.

ఈ సీమకు ఏటికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వర్షం. అది పడినప్పుడే వేరుసెనగ విత్తవలెను. వేసవిలో భర్త పోయిన స్త్రీకి 90 రోజుల గడువూ, విత్తే అదనూ కలిసే వస్తాయి. తొలకరి పడి, రాయితీ విత్తనకాయల కొరకు ఆమె వరుసలో నిలిచినప్పుడు మొదట అడిగేది పాసుపుస్తకం. పంటరుణానికి బ్యాంకువారు అడిగేది 1బి నకలు.