నొప్పులు తెప్పించుట, నొప్పులు పెంచుట

హైదరాబాదు పాతబస్తీలోని పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి వంటి చోట్ల కాన్పుకు వచ్చినవారి బంధువులు తెలుగున ‘నొప్పులు’ అనియు, ఉర్దూలో ‘దర్ద్’ అనియు ఆత్రముతో విచారించుచుందురు. ‘నొప్పులకు సెలైను పెట్టినారు’ అను కబురు వచ్చినచో అందరును ఒకే అర్థము చెప్పుకొందురు. కాని ఆ మాటకు రెండర్థములు కలవు. వానిని విడమరచి చెప్పదలచినాము.

మొదటిది నొప్పులు తెప్పించుట. అనగా, ఇంకను మొదలుకాని కాన్పును వైద్యులు మొదలుపెట్టించుట. 41 వారములు నిండినను, రక్తపుపోటు హెచ్చినను, ఉమ్మనీరు పోయియు నొప్పులు రాకున్నను ఈ అవసరము కలుగవచ్చును. గర్భాశయ ముఖము గట్టిగా నున్నచో ముందుగా దానిని మెత్తపరుపవలెను. అందులకు ప్రోస్టాగ్లాండిన్ మందునుగాని, నీటితో నింపిన చిన్న రబ్బరు బుడగనుగాని వాడుదురు. ఇందుకు ఒకటి రెండు దినములు పట్టినను బెదరనక్కరలేదు.

రెండవది నొప్పులు పెంచుట. కాన్పు తనంతట మొదలై, నడుమ నొప్పులు సన్నగిల్లి, గర్భాశయ ముఖము విచ్చుకొనుట ఆగినప్పుడు చేయునది ఇది. ఉమ్మనీటి సంచిని చిట్లించుటయో, ఆక్సిటోసిన్ మందును సెలైనులో కలిపి బొట్టుబొట్టుగా ఎక్కించుటయో జరుగును. గంటకొక సెంటీమీటరు చొప్పున విచ్చుకొనలేదను కారణమొక్కటే ఇందుకు చాలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో తెలిపినది.

ఆక్సిటోసిన్ మన మెదడులో సహజముగా పుట్టు పదార్థమే. దానిని 1953లో ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్ డు విన్యో 1955లో నోబెల్ బహుమానము పొందెను. తెప్పించుటకును, పెంచుటకును ఈ మందే పనికివచ్చుటవలన రెండును ఒకటే యను భ్రమ కలుగుచున్నది. మోతాదు మించినచో నొప్పికిని నొప్పికిని నడుమ విరామము తగ్గి బిడ్డకు ప్రాణవాయువు చాలదు. మునుపు ఆపరేషను జరిగిన గర్భాశయము చీలనువచ్చును. కావున శిశువు గుండె చప్పుడు వినుచు, అవసరమైనచో వెంటనే ఆపరేషను చేయగల చోటనే దీనిని ఎక్కింపవలెను.

ఇంటివద్ద నొప్పులు పెరుగుటకై కండకు ఈ సూది వేయించుట ప్రాణాపాయకరము. సెలైనునైన ఆపవచ్చును, కండలో వేసిన మందును వెనుకకు తీయలేము. బిడ్డ పుట్టిన పిదప రక్తస్రావము అరికట్టుటకు ఇదే మందును సూదిగా ఇత్తురు. అది వేరు, అది మేలు చేయునది.

కనుక సెలైను మాట వినినప్పుడు ‘తెప్పించుచున్నారా, పెంచుచున్నారా? కారణమేమి?’ అని మర్యాదగా అడుగుడు. ఆ సమాధానము తెలిసికొను హక్కు అందరికన్న ముందు ఆ తల్లికి కలదు.