కుక్కమందు పిల్లికి వేయరాదు

గాదెలయొద్ద నెలుకలను బట్టుటకు పిల్లియు, కళ్లమునకు గావలి యుండుటకు కుక్కయు రైతుల యిండ్లలో నుండుట పరిపాటి. ఈ రెండింటికిని సమానముగా బట్టు పీడ కుక్కపేను. పూర్వము దీనికి గమాక్సిన్ పొడి చల్లెడివారు. 1997లో నా పొడి నిషేధింపబడినది. ఇప్పుడు మెడపై గొన్ని బొట్లు వేసిన జాలును, నెలదినములు పేలు చేరవు. ఇంత సులభమైన పనిలోనే ప్రాణాపాయ మొకటి పొంచియున్నదని సంఘసభ్యు లెఱుంగవలయును.

కుక్కపేనునకు రెక్కలు లేవు. వెనుకకాళ్ల బలముచే దుముకును. ఆడుపేను దినమునకు నలువది గ్రుడ్లవఱకు బెట్టును. అవి వెండ్రుకలలో నిలువక నేల రాలును. కావున జంతువుపై గనబడు పేలు మొత్తములో నూటికి 5 పాళ్లు మాత్రమే. తక్కినవి గ్రుడ్లుగను, పిల్లపురుగులుగను, గూళ్లుగను గోనెసంచులలోను, చెత్తలోను, గోడబీటలలోను దాగియుండును. పాకలో నవి ప్రబలినచో మేకపిల్లలును దూడలును రక్తము తగ్గి కృశించును. అనుమానమున్నచో తెల్లని తడిగుడ్డపై వెండ్రుకలను దువ్వుడు. రాలిన నల్లని నలుసులు తడికి ఎఱ్ఱబాఱినచో నది పేలమలమే.

ఇక నపాయము మాట. కుక్కలకై యమ్ము కొన్ని మందులలో పెర్మెత్రిన్ కలదు. కుక్క కాలేయము దానిని విఱిచి వెడలగొట్టును. పిల్లి కాలేయమున కా శక్తి చాలదు. మందు పడిన కొన్ని గంటలకే పిల్లికి వణకును, చొంగయు, మూర్ఛలును వచ్చును. చికిత్స లేనిచో జచ్చును. పశువుల పిడుదులకు వాడు సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ ఆ కుటుంబమువే. గేదెలకు గలిపిన నీరు మిగిలినప్పుడు వృథా యేలయని పిల్లిపై జల్లు చేతులును గలవు. అట్టి పొదుపు పనికిరాదు. అమిత్రాజ్ కూడ పిల్లికి గూడదు.

మఱియొక పొరపాటు కలదు. పిల్లులకు దగిన మందులలో ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ ముఖ్యములు. ఈ పేర్లు వరికిని మిరపకును మందు కొట్టువారికి గొత్తవి కావు. అంతమాత్రమున పొలములో మిగిలిన సీసానుండి మెడపై బోయరాదు. పాళ్లు వేఱు, కలుపు ద్రవములు వేఱు. పెద్దకుక్క గొట్టమును గొని నాలుగిండ్లవారు పంచుకొనుటయు దగదు. కలిసి కొనుట సహకారధర్మమే గాని, యిచ్చట తూకమును బట్టి యే జంతువు గొట్టము దానికే కొనవలయును. ఎనిమిది వారములు నిండని పిల్లలకును, చూలుతో నున్నవానికిని వైద్యు నడుగక వేయరాదు.

మందు వేయు రీతి యిది. భుజములనడుమ, నాలుక యందనిచోట, వెండ్రుకలను బాపి గొట్టము మొనను చర్మమునకు దాకించి పిండవలయును. వెండ్రుకలపై బడిన మందు వ్యర్థము. అది చర్మపు జిడ్డుతో గలిసి దేహమంతటను బ్రాకును. కావున ముందు రెండుదినములు, వెనుక రెండుదినములు స్నానము చేయింపరాదు. ఇంటిలో పిల్లియు నున్నచో, మందు వేసిన కుక్కను అది నాకకుండ ఆఱువఱకు వేఱుగా గట్టవలయును. పెర్మెత్రిన్ వేసినచో మూడుదినములైనను ఎడముగా నుంచుట మేలు. ఒక్క జంతువునకు మాత్రము వేసి యూరకుండిన ఫలములేదు. గూళ్లలోని పురుగులు నెలలతరబడి వేచియుండును గావున, అన్నింటికిని కనీసము మూడునెలలు వరుసగా వేయుచు, పడకగుడ్డలను వేడినీట నుతికి యెండవేయవలయును.

పొరపాటున పిల్లిపై కుక్కమందు పడినచో, గోరువెచ్చని నీటను పాత్రలు తోము సబ్బుతో గడిగి, తుడిచి, గుడ్డ చుట్టి పశువైద్యునియొద్దకు గొనిపోవలయును. గొట్టమునుగూడ వెంట దీసికొనిపొండు. మూర్ఛలు మొదలైనచో గడుగుటకై కాలము పుచ్చరాదు. నూనె పూయుట, నోట పాలు పోయుట హానికరములు.

ఖాళీగొట్టములను చెఱువులోను కాలువలోను బాఱవేయకుడు. చేపలకును రొయ్యలకును అవి విషములు.