ఆర్మీ డాగ్స్: పాలెగాళ్ల కాలం నుంచి కశ్మీర్ దాకా.. యుద్ధంలో కుక్కలు ఏం చేస్తాయి? రిటైరయ్యాక ఏమవుతాయి?

రాయచోటి: 2025 జులైలో రాయచోటిలోని ఇళ్లలో పేలుడు పదార్థాలు పట్టుబడ్డాయన్న వార్తతో ఊరంతా ఉలిక్కిపడింది. పక్కింట్లో బాంబు ఉన్నా మన ముక్కుకు తెలియదు. కుక్క ముక్కుకు తెలుస్తుంది. అందుకే పోలీసులైనా, ఆర్మీ అయినా బాంబు వెతకాలంటే డాగ్ స్క్వాడ్‌నే నమ్ముకుంటారు. మరి ఈ కుక్కలు యుద్ధంలోకి ఎలా వచ్చాయి? సర్వీస్ అయిపోయాక వాటి పరిస్థితేంటి?

తెలుగు రాజుల ఊరి కుక్క

సీమలో పాలెగాళ్ల కథలు వినని ఇల్లు ఉండదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని బ్రిటిష్ వాళ్లకు అప్పగించాక, మన్రో ఇక్కడి పాలెగాళ్లను అణచివేశాడు. దాదాపు అదే టైమ్‌లో తమిళ దేశంలోనూ పాలెగాళ్లు బ్రిటిష్ వాళ్లతో తలపడ్డారు. ఆ యుద్ధాల్లో కుక్కల్ని శత్రువుల గుర్రాల మీదకు ఉసిగొల్పేవారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ కుక్కే రాజపాళయం. తెల్లటి ఒళ్లు, గులాబీ రంగు ముక్కు. ఇంగ్లిష్ వాళ్లు దీన్ని 'పాలిగార్ డాగ్' అనేవారు. తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో ఉన్న రాజపాళయం ఊరు పేరే దీనికి వచ్చింది. విజయనగర కాలంలో ఆంధ్ర నుంచి వలస వెళ్లిన తెలుగు రాజులు స్థిరపడిన ఊరు అది. 2005లో తపాలా శాఖ ఈ కుక్క బొమ్మతో స్టాంప్ కూడా వేసింది.

ప్రపంచ యుద్ధాల్లో..

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫోన్ తీగలు తెగిపోతే, మెడకు చీటీ కట్టుకుని కందకాల మధ్య పరుగెత్తింది కుక్కలే. గాయపడి పడిపోయిన సైనికుల్ని వెతికి పట్టుకున్నదీ అవే. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యం ఇంకో అడుగు ముందుకేసింది. కుక్కల ఒంటికి బాంబులు కట్టి జర్మన్ ట్యాంకుల కిందకు పంపింది. ట్రైనింగ్ ఇచ్చింది సొంత ట్యాంకులతోనే కాబట్టి, కొన్ని వెనక్కి తిరిగి సొంత వాళ్ల వైపే వచ్చేశాయి.

వియత్నాం యుద్ధానికి అమెరికా సుమారు 4 వేల కుక్కల్ని తీసుకెళ్లింది. తిరిగి ఇంటికి చేరినవి 200 లోపే అని అంచనా. చాలా వాటిని అక్కడే వదిలేశారు, లేదా చంపేశారు.

బాంబు దొరికితే మొరగదు

మన ఆర్మీ కుక్కలకు ట్రైనింగ్ ఇచ్చేది మీరట్‌లోని రీమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ సెంటర్. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినోయిస్ జాతులు ఎక్కువ. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలు ఉంటే, కుక్కకు 20 కోట్లకు పైనే. ట్రైనింగ్‌లో మందుగుండు వాసన కనిపెట్టిన ప్రతిసారీ కుక్కకు ఇష్టమైన బంతి ఇస్తారు. బాంబు దొరికితే అది మొరగదు, కాలితో గీకదు. కదిలిస్తే పేలుతుంది కదా! అందుకే దాని దగ్గర మౌనంగా కూర్చోవాలని నేర్పుతారు. అంటే మనకు అది యుద్ధం. దానికి మాత్రం బంతి కోసం ఆడే ఆట.

ప్రాణం పెట్టిన మాన్సీ, జూమ్, కెంట్

2015 ఆగస్టులో కుప్వారాలో చొరబాటుదారుల్ని పసిగట్టిన మాన్సీ, హ్యాండ్లర్ బషీర్ అహ్మద్ వార్‌తో పాటే ప్రాణం విడిచింది. 2022 అక్టోబరులో అనంత్‌నాగ్‌లో ఉగ్రవాదులు దాక్కున్న ఇంట్లోకి వెళ్లిన జూమ్‌కు రెండు బుల్లెట్లు తగిలాయి. అయినా పోరాటం ఆపలేదు. శ్రీనగర్‌లోని ఆర్మీ పశువుల ఆస్పత్రిలో చికిత్స పొందుతూ చనిపోయింది. 2023 సెప్టెంబరులో రాజౌరిలో ఆరేళ్ల లాబ్రడార్ కెంట్, తన హ్యాండ్లర్‌ను కాపాడుతూ తూటాలకు బలైంది.

రిటైరైతే ఇంజెక్షనేనా?

ఒకప్పుడు అంతే. పనికి రాదని తేలిన ఆర్మీ కుక్కను ఇంజెక్షన్ ఇచ్చి చంపేసేవారు. 2015లో ఆర్టీఐ ద్వారా ఈ విషయం బయటపడి పెద్ద దుమారం రేగింది. వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లడంతో కేంద్రం విధానం మార్చుకుంది. ఇప్పుడు రిటైరైన కుక్కల్ని మీరట్ సెంటర్‌లో చూసుకుంటారు. కొన్నింటిని సామాన్యులు కూడా దత్తత తీసుకోవచ్చు. ప్రాణాలకు తెగించి పనిచేసిన కుక్కకు ముసలితనంలో దక్కాల్సిన కనీస మర్యాద ఇది. కాకపోతే చాలా ఆలస్యంగా దక్కింది.

ఇక కొసమెరుపు ఏంటంటే.. 2026 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆర్మీ కుక్కలతో పాటు ముధోల్, రాంపూర్, చిప్పిపారై, కొంబై జాతుల దేశవాళీ కుక్కలు కూడా కర్తవ్య పథ్‌పై నడిచాయి. వాటి పక్కనే రాజపాళయం కూడా ఉంది. పాలెగాళ్ల వెంట పోరాడిందని చెప్పుకునే ఆ తెల్ల కుక్క, ఇప్పుడు దేశ సైన్యంతో కలిసి కవాతు చేసింది.